మనలోని చాదస్తం

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. రైల్వేలో గుమాస్తాను. మన కార్యదర్శిగారు మూడేళ్లుగా నన్ను ఒక్క పది నిమిషాలు మాట్లాడమని అడుగుతూనే ఉన్నారు. మొదటి ఏడు "ఇంకా తయారు కాలేదండీ" అన్నాను. రెండవ ఏడు ప్రసంగం వ్రాశాను, చించాను, మళ్లీ వ్రాశాను. తీరా ఆఖరి రోజున జ్వరం వచ్చిందని కబురు పంపాను. నాకు జ్వరం రాలేదు. ఆ అబద్ధాన్ని ఇవాళ సభాముఖంగా ఒప్పుకొంటున్నాను. ఈసారి ఆయన నవ్వి, "అయ్యా, మీరు ఎందుకు మాట్లాడలేకపోతున్నారో దాన్ని గురించే మాట్లాడండి" అన్నారు. ఇక తప్పించుకొనే దారి లేకపోయింది.

సంగతి పండుగతోనే మొదలుపెడతాను. నిరుడు ఉగాదికి ముందురోజు సాయంకాలం పెద్ద గాలివాన వచ్చింది. తెల్లవారి చూస్తే మా క్వార్టరు వెనుక వేపచెట్టు పువ్వంతా రాలి, బురదలో కలిసిపోయి ఉంది. కొత్త చింతపండు ఉంది, బెల్లం ఉంది, మామిడికాయ ఉంది. పువ్వు మాత్రం లేదు. నేను నా భార్యతో, "చేదు లేనిది అది ఉగాది పచ్చడే కాదు. చేస్తే ఆరు రుచులతో చెయ్యాలి, లేకపోతే మానెయ్యాలి" అన్నాను. ఆమె మానేసింది. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పది గంటలకు మా అమ్మ కర్ర పట్టుకొని పెరట్లోకి వెళ్లి, వంగిన కొమ్మ నుంచి నాలుగు లేత చిగుళ్లు గిల్లి తెచ్చి, "చిగురు మాత్రం చేదు కాదేటిరా నాయనా?" అన్నది. పచ్చడి అయింది. అందరూ తిన్నారు. నేను కూడా తిన్నాను గాని, ఇది పువ్వు కాదే అని లోపల గొణుక్కుంటూనే తిన్నాను. అసలు జబ్బు ఆ గొణుగుడే.

దీనికి మన భాషలో మంచి మాట ఉన్నది. చాదస్తం. వేదం వల్లించేవాణ్ణి ఛాందసుడు అనేవారట. అక్షరం, స్వరం ఒక్కటి కూడా తప్పిపోకూడదు గనుక ఆయనకు ఆ పట్టుదల కావలసిందే. అదే పట్టుదల వంటింట్లోకి, కచేరీలోకి, పిల్లల మాటల్లోకి వచ్చేసరికి చాదస్తం అయింది.

శుభ్రంగా పని చేయడాన్ని నేను తప్పు పట్టడం లేదు. అట్లా అంటే రైల్వేలో నాకు ఉద్యోగం ఉండదు. రెండు స్టేషన్ల మధ్య బండిని వదిలేటప్పుడు స్టేషను మాస్టర్లు ఫోనులో ప్రైవేటు నెంబర్లు ఇచ్చిపుచ్చుకొని రిజిస్టరులో వ్రాసుకొంటారు. ఒక్క అంకె తేడా వస్తే ఒప్పుకోరు. ఇంజనులో లోకో పైలటు, సహాయకుడు సిగ్నలు రంగు చూసి, ఒకరికొకరు పైకి చెప్పుకొంటారు. వేసవిలో పట్టపగలు, కళ్లెదుట పచ్చదీపం వెలుగుతున్నా సరే, చెప్పుకోవలసిందే. దాన్ని చాదస్తమని ఎవరనగలరు? అయితే ఒకటి గమనించండి. నెంబరు చెప్పుకొన్నారు, వ్రాసుకొన్నారు, బండి కదిలింది. ఆ తనిఖీకి ఒక ముగింపు ఉంది. నా తనిఖీకి ముగింపు ఉండేది కాదు. బండి స్టేషన్లోనే నిలబడి ఉండేది.

ఒక నిజం చెబుతాను. అప్పుడు నేను మరొక ఊళ్లో ఉండేవాణ్ణి. ఆ ఊరి పేరు అనవసరం. లైను మీద ముప్ఫై ఏళ్లకు పైగా పట్టాలు కాచిన గ్యాంగుమన్ ఒకరు రిటైరు కాబోతున్నారు. ఆయన సర్వీసు రిజిస్టరు, పింఛను కాగితాలు నా చేతికి వచ్చాయి. రిజిస్టరులో ఒకచోట ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది, మరొకచోట ఒక్క పొడి అక్షరమే ఉంది. పాత సెలవుల లెక్కలో ఒకచోట సిరా అలుక్కుపోయింది. నాకు నిద్ర పట్టలేదు. ఒక వివరణ కోరుతూ ఉత్తరం వ్రాశాను. జవాబు వచ్చింది. ఆ జవాబులో మరొక అనుమానం కనబడి ఇంకో ఉత్తరం, దాని మీద ఇంకొకటి వ్రాశాను. పట్టిక శుభ్రంగా లేదని రెండుసార్లు మొత్తం తిరగవ్రాశాను. ఉద్యోగి రిటైరైన రోజునే డబ్బు చేతికి అందాలని రైల్వేలో నియమం. ఈయనకు రెండు నెలలైనా అందలేదు.

ఆయన వచ్చి వసారాలో బల్ల మీద కూర్చునేవాడు. తువ్వాలు మడత పెట్టి ఒళ్లో పెట్టుకొనేవాడు. ఒక్కరోజు కూడా నన్ను కోప్పడలేదు. "మీ చేతివ్రాత ముత్యాల్లాగ ఉందని అందరూ అంటారు బాబూ. మీ చేతిలో పడింది గనుక తప్పు రాదు. నాకు ధైర్యంగా ఉంది" అన్నాడు. ఆ మాటకు నేను సంతోషించాను. చూడండి ఎంత గుడ్డితనమో! కూతురి పెళ్లికని ఆయన ఆ రెండు నెలల్లోనే నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఆ సంగతి తర్వాత మరొకరి ద్వారా నాకు తెలిసింది.

చివరకు మా పై ఉద్యోగి నా బల్ల దగ్గరకు వచ్చి ఫైలు తీసుకొని, "పంపించెయ్యి. తప్పుంటే వాళ్లు తిప్పి పంపుతారు, తప్పు దిద్దడం కూడా పనే కదా" అన్నారు. పంపాము. ఒక అభ్యంతరంతో తిరిగి వచ్చింది. నేను భయపడిన ఇంటిపేరు గురించి కాదు, సెలవుల లెక్క గురించీ కాదు. భార్యాభర్తల జంట ఫోటో మీద ధ్రువీకరణ సంతకం లేదట. పది నిమిషాల్లో చేయించాము. ఇన్నాళ్లు అన్నీ చూశాననుకొన్న నేను అది చూడనే లేదు. ఆయన అప్పు వడ్డీ నేను కట్టలేదు. కడతానని చెప్పే ధైర్యం కూడా నాకు రాలేదు.

చాలా రోజులు నన్ను నేను "జాగ్రత్తపరుణ్ణి" అని సర్దిచెప్పుకొన్నాను. ఈ గుణాన్ని మనలో మనం గుర్తుపట్టడం ఎంత కష్టమో ఇందులోనే ఉంది. కోపిష్టికి తాను కోపిష్టినని తెలుస్తుంది. సోమరికి కూడా లోలోపల తెలుస్తుంది. చాదస్తం మాత్రం సుగుణం వేషం వేసుకొని వస్తుంది. ఎవరైనా ఎత్తిచూపినా, "నాకు పని మీద శ్రద్ధ ఎక్కువండీ" అని గర్వంగా చెప్పుకొంటాం. ఉద్యోగానికి పోయినవాళ్లు ఇంటర్వ్యూలో నీ లోపం ఏమిటి అని అడిగితే ఇదే చెబుతారట, పొగడ్త క్రింద జమ అవుతుందని!

చదువుకొన్న మిత్రుడొకరు నాకు కొన్ని సంగతులు విడమరచి చెప్పారు. హ్యూయిట్, ఫ్లెట్ అనే ఇద్దరు కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1991లో ఈ గుణాన్ని మూడు పాయలుగా విడదీశారు. తన నుంచి తానే లోపం లేని పని కోరుకోవడం ఒకటి. ఎదుటివాళ్ల నుంచి కోరడం ఒకటి. లోకమంతా తన నుంచి అదే కోరుతున్నదని, తప్పితే తనను తోసేస్తుందని నమ్మడం మూడవది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 1989 నుంచి 2016 వరకు కాలేజీ విద్యార్థుల జవాబులను, నలభై ఒక్క వేలమందికి పైగా ఇచ్చినవాటిని, కర్రన్, హిల్ అనే పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. మూడు పాయలూ పెరిగాయట. అన్నిటికన్నా ఎక్కువగా మూడవది, 33 శాతం పెరిగింది. ఆ దేశాల లెక్క మనకు అచ్చంగా వర్తిస్తుందని నేను అనను. కాని నూటికి తొంభై ఆరు మార్కులు తెచ్చిన పిల్లవాణ్ణి "ఆ నాలుగూ ఎక్కడ పోయాయిరా?" అని అడగని ఇల్లు మన పేటలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

నా మట్టుకు నాకు ఆ మూడవ పాయే మూలమని తోచింది. నేను మెట్రిక్యులేషనుతో ఆగినవాణ్ణి. నా చుట్టూ బల్లల మీద డిగ్రీలవాళ్లు కూర్చున్నారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాసినా, "మెట్రిక్ వాడు కదా, ఇంతే వ్రాస్తాడు" అంటారేమోనని ఒకటే బెదురు. నిజానికి ఎవరూ అనలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా అనలేదు. ప్రతి ఉత్తరమూ పరీక్ష పేపరు అనుకొని వ్రాశాను. గ్యాంగుమన్ కాగితాలు ఆయన కోసం దిద్దుతున్నాననుకొన్నాను గాని, దిద్దినది నా పరువును.

ఇది తెలిసిన తర్వాత వెనక్కు తిరిగి చూసుకొంటే గుర్తులు ఎక్కడ చూసినా కనబడ్డాయి. పని ఆలస్యంగా మొదలుపెట్టేవాణ్ణి. సోమరితనం అనుకొన్నారు. కాదు, బాగా రాదేమోనన్న భయంతో మొదలే పెట్టేవాణ్ణి కాను. ఎవరికైనా పని అప్పగిస్తే, వాళ్లు వెళ్లాక మళ్లీ నేనే చేసేవాణ్ణి. మెచ్చుకొంటే, "లేదండీ, మూడో పేజీలో ఒక పొరపాటు ఉంది" అని వాళ్లకు చూపించి మరీ ఆనందం పోగొట్టేవాణ్ణి. ఒక రిజిస్టరులో సిరా చుక్క పడితే ఆ పేజీ ఎప్పుడు తెరిచినా కన్ను ఆ చుక్క మీదకే పోయేది. తక్కిన ముప్ఫై వరుసలు కనబడేవి కావు. ఈ సభలోని సోదరీమణులు కూడా ఒక్క క్షణం ఆలోచించాలి. విస్తట్లో వడ్డించి, అతిథి ముద్ద నోట్లో పెట్టకముందే "ఏదో చేశానండీ, ఉప్పు తక్కువైందేమో" అని ఎందుకు అంటారు? ఇల్లు సర్దలేదని ఎంతమంది చుట్టాలను గుమ్మంలోనుంచే పంపేశారు?

మరొక చిన్న మాట. కొందరు చేతులు కడిగినవే కడుగుతారు, తాళం వేశానా లేదా అని గంటకు పదిసార్లు చూస్తారు, మానుదామన్నా మానలేరు. అది వేరు, అది వైద్యుడు చూడవలసిన జబ్బు. దానికి నా ప్రసంగం పనికిరాదు. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అనే ఉచిత ఫోను సదుపాయం ఉంది. నెంబరు 14416. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. సిగ్గుపడనక్కరలేదు.

మా ఆఫీసులో లైను పని తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల వల్ల నాకొక సంగతి బాగా అర్థమైంది. పదమూడు మీటర్ల పట్టా ముప్ఫై డిగ్రీల వేడి పెరిగితే సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకని పాత పద్ధతి లైనులో రెండు పట్టాల మధ్య ఫిష్ ప్లేటు దగ్గర కావాలనే సందు వదులుతారు. చూసేవాడికి అది అతుకు కుదరని పనిలా ఉంటుంది. ఆ సందు పూర్తిగా మూస్తే వైశాఖంలో లైను పాములా వంకర తిరుగుతుంది. ఇప్పుడు ప్రధాన మార్గాల్లో పట్టాలను పొడవుగా వెల్డింగు చేస్తున్నారు. అక్కడ కూడా స్లీపర్లు, కంకర ఆ బలాన్ని పట్టి ఉంచాలి, చివర్లలో సాగే కీలు పెట్టవలసిందే. ఇనుముకే అంత వెసులుబాటు ఇస్తున్నాము.

ఇక నేను చెప్పడానికి వచ్చిన అసలు సంగతి ఇది.

మాకు ఎనిమిదేళ్ల కూతురు ఉంది. పుట్టింది ఈ జట్నీలోనే. వీధిలో ఒడియా, బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు. ఒడియాలో క్రియకు ఆడ మగ తేడా లేదు. అందుచేత పిల్ల "అమ్మ వచ్చింది" అన్నట్టే "నాన్న వచ్చింది", "తాతయ్య పిలిచింది" అనేది. నేను ఊరుకొనేవాణ్ణి కాను. "వచ్చింది కాదు, వచ్చారు. మళ్లీ చెప్పు." మళ్లీ చెప్పేది. "ళ పలకలేదు. నాలుక మడిచి చెప్పు." చెప్పేది. అన్నం తింటూ కథ చెబుతుంటే మధ్యలో మూడుసార్లు ఆపేవాణ్ణి. మన తెలుగు ఇక్కడ నిలవాలి అన్నదే నా ఉద్దేశం. అందులో కపటం లేదు.

కొన్నాళ్లకు ఇంట్లో గొడవ తగ్గింది. పిల్ల బుద్ధిమంతురాలు అయిందనుకొన్నాను. ఒకరోజు డ్యూటీ నుంచి తొందరగా వచ్చాను. లోపల మా అమ్మతో పిల్ల గలగల మాట్లాడుతోంది. తెలుగులోనే! తప్పులతోనే! నేను గుమ్మంలో అడుగు పెట్టాను. మాట ఆగింది. నా వైపు చూసి, ఒడియాలో "బాపా" అని పిలిచి, పుస్తకం తెరిచింది. అప్పుడు లెక్క వేసుకొన్నాను. నాతో ఆ పిల్ల తెలుగులో ఒక పూర్తి వాక్యం మాట్లాడి నాలుగు నెలలు దాటింది. ఒడియాలో నేను తప్పులు పట్టను కదా, నాకే సరిగా రాదు! అందుకని నాతో ఆ భాషలోనే మాట్లాడుతోంది. తెలుగును కాపాడదామని బయలుదేరి, నా ఇంట్లో నా ముందే నేను దాని నోరు మూయించాను.

మా అమ్మ ఆ రాత్రి ఒక్క మాటే అన్నది. "అది తప్పు మాట్లాడితే నాకు అర్థమవుతోంది. నీకు అవడం లేదేటి?"

ఇది నా ఇంటి రామాయణం మాత్రమే కాదని నా అనుమానం. 1893 నుంచి 1896 వరకు బెజవాడ నుంచి కటకం దాకా ఈ తీరం వెంబడి లైను వేశారు. అప్పటినుంచీ కళాసులుగా, గ్యాంగుమన్లుగా మన తాతలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్లు ఏ తెలుగు తెచ్చారు? శ్రీకాకుళం పల్లెల తెలుగు. దానిలో ఒడియా కలిసింది. అటు విశాఖపట్నం నుంచి చుట్టాలు వస్తే మన పిల్లల మాట విని నవ్వుతారు. మనం సిగ్గుపడతాం. సిగ్గుపడి పిల్లలను దిద్దుతాం, పిల్లలు మానేస్తారు. పోయిన ఏడు మన పద్యాల పోటీలో ఒక కుర్రవాడు రెండో పాదంలో తడబడి వేదిక దిగిపోయాడు. ముందు వరుసలో కూర్చొని పాదం అందించింది ఎవరో కాదు, నేనే. అందించానా, గద్దించానా అంటే, ఇప్పుడు ఆలోచిస్తే రెండోదే అనిపిస్తోంది. ఈ ఏడు ఆ పిల్లవాడు పేరు ఇవ్వలేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారిని ఈ సందర్భంలో తలచుకోవాలి. ఆయన చాలాకాలం పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేశారు. ఆ పట్టణం 1936 నుంచి ఒడిశాలో ఉంది గనుక మన పొరుగువారనే చెప్పుకోవచ్చు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆయన వాదంలో ఒక పదునైన భాగం ఉన్నది. తప్పు లేని గ్రాంథికమే వ్రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల నుంచే ఆయన తప్పులు ఏరి చూపించారు. మీరే వ్రాయలేనిది బడి పిల్లలను వ్రాయమంటారా అన్నది ఆ వాదం సారం. అట్లాగని ఆయన నిర్లక్ష్యపు మనిషి కాదు. సవర భాష నేర్చుకోవడానికి సవరను దగ్గర పెట్టుకొని, అడవి గ్రామాలు తిరిగి, మలేరియా జ్వరాలకు తిన్న క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకొన్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. డెబ్బై అయిదేళ్ల వయస్సు! ఇంకా పరిపూర్ణం కాలేదని దాచిపెట్టుకొని ఉంటే ఆ పని ఆయన పెట్టెలోనే పోయేది. మొదట సవరల ముందు ఆ భాషను తప్పులతో మాట్లాడకుండా ఆయన మాత్రం ఎట్లా నేర్చి ఉంటారు?

బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆయన పోయింది 1884లో. దాన్ని సవరించి, పెంచి మళ్లీ అచ్చువేసింది 1903లో. అచ్చయింది గనుక సవరించగలిగారు.

ఇప్పుడు నేను పూర్తిగా మారానని చెబితే అదీ మరొక గొప్పే అవుతుంది. ఆఫీసులో ఒక ఏర్పాటు చేసుకొన్నాను. ఉత్తరం ఒకసారి వ్రాస్తాను, ఒకసారి చదువుతాను. తర్వాత పక్క బల్ల ఆయనకు ఇస్తాను. ఆయన సరే అంటే సంతకానికి పోతుంది. మొదట్లో అది బల్ల మీద నుంచి లేచి వెళుతుంటే ప్రాణం ఉసూరుమనేది. రెండు ఉత్తరాలు తిరిగి వచ్చాయి. దిద్ది పంపాను. ఆకాశం విరిగి పడలేదు. అయితే డబ్బు అంకెలు ఉన్న కాగితం మాత్రం ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను. అది మానను, మానకూడదు.

ఇంట్లో పని ఇంకా కష్టం. పిల్ల మాట్లాడుతున్నప్పుడు నా నోటి చివరకు వచ్చిన దిద్దుబాటును మింగడం నేర్చుకొంటున్నాను. కథ అయిపోయిన తర్వాత, నా వంతు మాటలో "అవును, తాతయ్య పిలిచారు" అని మాత్రం అంటాను. విన్నదా లేదా చూడను. మొదటి నెల ఫలితం లేదు. రెండో నెలలో, కరెంటు పోయిన ఒక రాత్రి, చీకట్లో నా పక్కన పడుకొని బడిలో జరిగిన జగడం అంతా తెలుగులో చెప్పింది. నేను తప్పులు లెక్కపెట్టాను. పాత అలవాటు! పదకొండు వచ్చాయి. ఒక్కటి కూడా పైకి అనలేదు.

కార్యవర్గానికి ఒక్క మనవి. కాసేపట్లో పిల్లల కార్యక్రమం మొదలవుతుంది. ఎవరైనా తడబడితే ముందు వరుసల్లోని పెద్దలం, నాతో సహా, కూర్చున్నచోటి నుంచి దిద్దకుండా ఉండగలమా అని అడుగుతున్నాను. పోటీలో ఉచ్చారణకు మార్కులు తీసివేసే పద్ధతిని, పదేళ్ల లోపు పిల్లలకైనా, వచ్చే ఏటికి మార్చే విషయం ఆలోచించండి. పోయిన ఏడు వేదిక దిగిపోయిన కుర్రవాడి ఇంటికి నిన్న నేనే వెళ్లి వచ్చాను. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

ఈ కాగితం సంచికకు ఇవ్వమని కార్యదర్శిగారు మూడుసార్లు మనిషిని పంపారు. ఇందులో రెండుచోట్ల వాక్యం కుదరలేదు, నాకు తెలుసు. ఆ రెండూ అట్లాగే ఉంచి ఇచ్చాను.

ఇవాళ సాయంకాలం ఇంటి దగ్గర బయలుదేరుతుంటే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి వాళ్ల మామ్మతో, "ఈరోజు నాన్న మాట్లాడుతుంది. మనం ముందు కూర్చుందాం" అన్నది. నేను వంగి చెప్పులు తొడుక్కొన్నాను. అదుగో, మూడో వరుసలో ఇద్దరూ కూర్చొని ఉన్నారు.